ఆరు ఖాతాల్లో ఏవి ఉంచుకోవాలి?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మ, అత్తగారు, మా వీధిలోని మరో తొమ్మిది మంది లేసు అల్లుతారు. ఇన్నేళ్లూ ఏజెంటు దారం ఇచ్చి, అల్లినదానికి ముక్కల లెక్కన కూలి ఇచ్చేవారు. డిగ్రీ చదివిన నేను నిరుడు దసరా నుంచి కొంత సరుకును నేరుగా అమ్ముతున్నాను. టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు, జాకెట్టు చేతులకు కుట్టుకునే అంచులు చేస్తాం. అందరం కలిసి నెలకు నలభై చిన్న వస్తువులు, అయిదారు పెద్ద గుడ్డలు చేయగలం. మా మరిది సలహాతో, ఆయన ఫోను నంబరు, ఈమెయిలుతోనే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్, టెలిగ్రామ్, పింటరెస్ట్ అన్నింటిలోనూ ఖాతాలు తెరిచాను. ఇవి కాక వాట్సాప్ ఉంది. యూట్యూబ్‌లో లేసు అల్లడం నేర్పే వీడియోలకు మంచి వీక్షణలు వస్తున్నాయి. టెలిగ్రామ్‌లో ఉన్న ముప్పై మందీ వాట్సాప్‌లోనూ ఉన్నారు. రోజుకు నాలుగు గంటలు ఫోనుకే పోతున్నాయి. పోయిన నెల తొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. ఏడు వాట్సాప్‌లో, అదివరకు కొన్నవాళ్ల ద్వారా. రెండు ఇన్‌స్టాగ్రామ్ చూసి. ఫేస్‌బుక్‌లో ఆరు వేలు పెట్టి ప్రచారం చేస్తే లైకులు వచ్చాయి కానీ ఒక్కరూ కొనలేదు. నాకున్న ఫాలోవర్లు నాలుగు వందల మంది. ఒకాయన పదివేల మంది ఫాలోవర్లను ఇప్పిస్తానంటున్నారు. వీటిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి వదలాలి? రోజూ రీల్స్ చేయాలా? అల్లేవాళ్ల ముఖాలు చూపించాలా? మా సరుకు ఫొటోలు కూడా పంపుతున్నాను.
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: సోదరీ, మీ ఉత్తరంలో నేను ముందుగా గీత గీసుకున్న మాట "నెలకు నలభై చిన్న వస్తువులు, అయిదారు పెద్ద గుడ్డలు". ఏ వేదిక అన్న ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది. పదకొండు మంది చేతులు ఎంత అల్లగలవో అంతే మీరు అమ్మగలరు. నెలకు నలభై, యాభై మంది కొంటే మీ నెల నిండిపోతుంది. లక్ష మంది చూసే చోటు మీకు అక్కర్లేదు. ఆ యాభై మంది ఎక్కడున్నారో, డబ్బు పంపే ముందు ఏమేమి అడుగుతారో తెలిస్తే చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆత్రేయపురం వైపు పూతరేకులు చేసే ఒక కుటుంబం నాకు బాగా తెలుసు. మూడేళ్ల కిందట, వీడియోలు తీసే ఒక పేరున్న మనిషిని పిలిపించమని వాళ్లకు చెప్పింది నేనే. బోర్లించిన కుండ కింద మంట, పిండి జావలో ముంచిన గుడ్డ కుండను అలా తాకి వెళ్లగానే కాగితం కన్నా పల్చటి రేకు లేవడం, ఇదంతా చూడముచ్చటగా ఉంటుంది కదా. వీడియో ఊరూరా తిరిగింది. నాలుగు రోజుల్లో సంక్రాంతి నెలకన్నా ఎక్కువ ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఆ ఇంట్లో ఉన్నవి మూడు కుండలు, రేకు తీయడం వచ్చినవాళ్లు ముగ్గురు. మాట పోకూడదని బయటి నుంచి రేకులు కొని చుట్టారు. నెయ్యి సువాసన మారింది, కొరియరులో సగం పొడి అయ్యాయి. అదే వీడియో కింద తిట్లు మొదలయ్యాయి. రెండు తరాలుగా సంపాదించుకున్న పేరు మీద ఆ మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. ఆ బాధలో నాకూ వాటా ఉంది. అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా ముందు చేతుల లెక్క అడుగుతాను, ఫోను సంగతి ఆ తర్వాతే.

ఇక లేసు ఎలా అమ్ముడవుతుందో చూద్దాం. మిఠాయిలా చూడగానే నోరూరి కొనేది కాదు. ముందు కంటికి నచ్చాలి. ఇది చేతిపనా, యంత్రం మీద చేసిందా అన్న అనుమానం తీరాలి. మా బల్లకు సరిపోతుందా, ఉతికితే ముడుచుకుంటుందా, తెలుపేనా గోధుమ రంగు కూడా ఉందా, ఇంత ధర ఎందుకు అని అడుగుతారు. అక్కకు, ఆడపడుచుకు ఫొటో పంపి వాళ్లేమంటారో చూస్తారు. రెండు మూడు రోజుల మాటల తర్వాత డబ్బు వస్తుంది. ఇలాంటి బేరం సాగే చోటు వాట్సాప్. తొమ్మిదిలో ఏడు ఆర్డర్లు అక్కడి నుంచి రావడం అందుకే. మీ దుకాణం అదే, మిగిలినవి దానికి దారి చూపే బోర్డులు.

కాబట్టి దుకాణాన్ని సర్దుకోవడంతో మొదలుపెట్టండి. మీరు మామూలు వాట్సాప్ వాడుతుంటే వ్యాపారం కోసం విడిగా ఉన్న వాట్సాప్ బిజినెస్‌కు మారండి. దానికి రుసుము లేదు. 2018 నుంచి ఉన్నదే. ఇంటి నంబరు కాకుండా వేరే నంబరు పెట్టుకుంటే రాత్రి పదకొండుకు వచ్చే బేరాలు మీ నిద్ర చెడగొట్టవు. అందులో కేటలాగు ఉంటుంది, 500 వస్తువుల దాకా పెట్టవచ్చు. మీకు ముప్పై చాలు. ప్రతి వస్తువుకూ కొలత అంగుళాల్లో, దారం రకం, ధర, అల్లడానికి పట్టే రోజులు రాయండి. ఆ చివరిది తప్పకుండా రాయండి. "ఇద్దరు మనుషులు, పన్నెండు రోజులు" అని చదివినవాళ్లు ధర గురించి మళ్లీ అడగడం సగానికి తగ్గిపోతుంది. పదేపదే వచ్చే ప్రశ్నలకు సమాధానాలు ముందే రాసి భద్రపరచుకునే వీలుంది. డబ్బు వచ్చినవి, అల్లికలో ఉన్నవి, పంపినవి అని ఆర్డర్లకు రంగురంగుల గుర్తులు పెట్టుకోవచ్చు. రోజుకు గంట మిగులుతుంది.

ఒక జాగ్రత్త. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చుకోవచ్చు కానీ, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. అందుకని మొదటిసారి కొన్నవాళ్లకు సరుకుతోపాటు ఒక చిన్న కార్డు పెట్టండి. మీ పేరు, వాట్సాప్ నంబరు, ఫోనుతో తీయగానే మీ దుకాణం తెరుచుకునే క్యూఆర్ గుర్తు, ఉతకడం ఎలాగో రెండు ముక్కలు. "ఈ నంబరు దాచుకుంటే కొత్త నమూనాలు ముందుగా మీకే పంపుతాం" అని రాయండి. నెలకు రెండుసార్లకు మించి సందేశం పంపకండి, విసుగొస్తే మీ నంబరును బ్లాక్ చేస్తారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి మన ఊళ్లకు ఎంతమంది వస్తారో మీకు చెప్పాలా? తిరిగి వెళ్లేటప్పుడు అరిసెలతోపాటు ఏదో ఒకటి పట్టుకెళ్లాలని చూస్తారు. కొరియరు ఖర్చు లేకుండా మీ లేసు, దానితో మీ కార్డు దేశం దాటుతాయి. ఆ వారానికి చిన్న వస్తువులు ముందే అల్లించి ఉంచండి.

రెండోది ఇన్‌స్టాగ్రామ్. లేసు కంటికి కనబడాల్సిన వస్తువు, ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలకోసం పుట్టిన చోటు. ఇల్లు అలంకరించుకునేవాళ్లు, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు, నగరాల్లో బొటీకులు నడిపేవాళ్లు అక్కడ వెతుకుతారు. వచ్చిన ఆ రెండు ఆర్డర్లు కొత్తవాళ్లవని గమనించండి. వాట్సాప్ పాతవాళ్లను నిలుపుతుంది, ఇన్‌స్టాగ్రామ్ కొత్తవాళ్లను తెస్తుంది. ఈ రెండూ కలిస్తే మీకు సరిపోతుంది.

మీరు పంపిన ఫొటోలు చూశాను. తెల్ల లేసును తెల్ల దుప్పటి మీద పరిచి తీశారు. అల్లిక అందులో కలిసిపోయింది. ముదురు నీలం గుడ్డో, కుంకుమ రంగు గుడ్డో పరిచి, దాని మీద లేసు పెట్టి, పొద్దున్న ఎనిమిది ప్రాంతంలో వరండాలో నీడ పట్టున తీయండి. ప్రతి రంధ్రమూ లెక్కపెట్టేలా కనిపిస్తుంది. ఒక ఫొటోలో చెయ్యి కనిపించాలి, పరిమాణం తెలుస్తుంది. ఒక ఫొటో వెనకవైపుది. యంత్రపు లేసుతో పోటీ పడుతున్నాం కాబట్టి చేతి అల్లిక ముందూ వెనకా ఎలా ఉంటుందో, దారపు కొస ఎక్కడ దాచారో చూపించండి. మాటలతో చెప్పడం కన్నా అది గట్టి సాక్ష్యం.

రోజూ రీల్ అక్కర్లేదు. వారానికి రెండు చాలు, ఆ రెంటినీ ఆదివారం కూర్చుని తీసుకోండి. సూది ఆడుతున్న వేళ్లు, విడివిడి పువ్వులను కలిపే అతుకుపని, ఉతికి గంజి పెట్టి ఆరేసిన గుడ్డ గాలికి ఊగడం. మన అతుకుపని ఎంత ఓపికతో చేసేదో బయటివాళ్లకు తెలియదు. ముప్పై మంది అల్లినట్టుండే గుడ్డను చివరికి ఒకే చెయ్యి కలుపుతుందని చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. పాట పెట్టకపోయినా ఫరవాలేదు, ఆడవాళ్ల కబుర్లు వినిపించనివ్వండి.

ఖాతాను వ్యాపార ఖాతాగా మార్చుకుంటే చూసేవాళ్లు ఏ నగరాలవాళ్లో, ఏ వయసువాళ్లో అదే చూపిస్తుంది. లైకులను పట్టించుకోకండి. ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది మరొకరికి పంపారు అన్న రెండు అంకెలు చూడండి. లేసు కొనే మనిషి ముందు దాచుకుంటుంది, తర్వాత అక్కకు పంపుతుంది. పేజీ పైన మూడు పోస్టులను కదలకుండా నిలిపే వీలుంది: ఆర్డరు ఇవ్వడం ఎలా, ధర ఎందుకింత, ఉతకడం ఎలా. ఈ మూడూ అక్కడ ఉండాలి.

ఫేస్‌బుక్‌కు విడిగా సమయం ఇవ్వవద్దు. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో, వాట్సాప్‌ను 2014లో ఆ సంస్థే కొన్నది. ఇప్పుడు మూడింటికీ యజమాని మెటా. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది ఫేస్‌బుక్ పేజీలోకీ దానంతట అదే వెళ్లేలా కలుపుకోవచ్చు. యాభై దాటిన పెద్దవాళ్లు, అమెరికాలోని మనవాళ్లు చాలామంది ఇంకా అక్కడే ఉంటారు కాబట్టి పేజీ బతికి ఉండనివ్వండి.

మీ ఆరు వేలు ఏమయ్యాయో నాకు అర్థమైంది. డబ్బు కడితే ఎక్కువమందికి చూపిస్తామంటూ పోస్టు కింద కనిపించే బూస్ట్ బొత్తాం నొక్కి, వచ్చిన ఎంపికలను అలాగే వదిలేసి ఉంటారు. లైకులు, స్పందనలు కావాలి అన్న లక్ష్యం ఎంచుకుంటే, తేలిగ్గా లైకు కొట్టే అలవాటున్నవాళ్లకే అది మీ పోస్టు చూపిస్తుంది. మీరు అడిగింది అది ఇచ్చింది. మళ్లీ డబ్బు పెట్టాలనిపిస్తే వాట్సాప్ సందేశాలు రావాలన్న లక్ష్యం ఎంచుకోండి. రాష్ట్రమంతా వద్దు, ఇప్పటికే మీ సరుకు కొన్న ఒకటి రెండు నగరాలు చాలు. రోజుకు రెండు వందలు, అయిదు రోజులు. అదీ శ్రావణ మాసపు పెళ్లిళ్ల ముందో, క్రిస్మస్ ముందో, చేతిలో సరుకు ఉన్నప్పుడు మాత్రమే. వెయ్యి రూపాయలకు ఎన్ని సందేశాలు వచ్చాయి, అందులో ఎన్ని ఆర్డర్లు అయ్యాయి అని పుస్తకంలో రాసుకోండి. ఆ లెక్క చూశాకే రెండో వెయ్యి.

యూట్యూబ్ విషయంలో మీతో కొంచెం వాదించాలి. లేసు అల్లడం నేర్పే వీడియోలకు మీకు మంచి వీక్షణలు వస్తున్నాయన్నారు. వస్తాయి. అవి చూసేవాళ్లు నేర్చుకోవాలనుకునేవాళ్లు, కొనేవాళ్లు కాదు. పాఠాలు చెప్పి సంపాదించాలనుకుంటే అది మంచి దారి, కానీ అది వేరే వ్యాపారం. కడియం, కడియపులంకల్లో నర్సరీ నడిపే మనిషి ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు తిరగబడేది. మొక్క కొనేవాడు దాన్ని ఎలా పెంచాలో వెతుకుతూ యూట్యూబ్‌లోకి వస్తాడు, జాతీయ రహదారి మీద కారులో వెళ్తూ గూగుల్ మ్యాప్‌లో నర్సరీ ఎక్కడుందో చూస్తాడు. అతనికి ఆ రెండే ప్రాణం. భీమవరం వైపు రొయ్యల మేత అమ్మేవారికి తెలుగులో నెమ్మదిగా వివరించే పొడవాటి వీడియోలు, రైతుల వాట్సాప్ గుంపులు పనికొస్తాయి, రీల్స్‌తో పెద్దగా ఒరిగేది లేదు. మీకు యూట్యూబ్‌లో మూడే వీడియోలు చాలు: దారం నుంచి గుడ్డ దాకా ఒకటి, చేతి లేసును గుర్తుపట్టడం ఒకటి, ఉతికి గంజి పెట్టడం ఒకటి. అవి ఏళ్ల తరబడి వెతుకులాటలో దొరుకుతూనే ఉంటాయి. ఎవరైనా వాట్సాప్‌లో అనుమానం అడిగితే ఆ లింకు పంపండి.

పింటరెస్ట్‌ను వదులుకోవద్దు, వాయిదా వేయండి. అమెరికాలో ఇల్లు సర్దుకునే ఆడవాళ్లు అక్కడ నమూనాలు వెతుకుతారు, అక్కడ పెట్టిన ఫొటో నెలల తర్వాత కూడా ఎవరికో ఒకరికి కనిపిస్తుంది. మీ సరుకుకు అంతకన్నా తగిన చోటు విదేశాల్లో నాకు కనిపించదు. కానీ ఫొటో నొక్కినవాళ్లు చేరుకోవడానికి ఒక వెబ్ పేజీ ఉండాలి, ఇంగ్లిషులో వివరాలుండాలి, విదేశాలకు పంపడం మీకు అలవాటు కావాలి. వచ్చే ఏడాది పని అది. ఎక్స్, టెలిగ్రామ్ ఈ రోజే మూసేయండి. మొదటిది వార్తలు, వాదనలు నడిచే చోటు. రెండోదాంట్లో మీకున్న ముప్పై మందీ వాట్సాప్‌లోనూ ఉన్నారని మీరే రాశారు.

మీరు అడగని ఒకటి చెప్పాలి. బొటీకులకు, హోటళ్లకు టోకుగా అమ్మాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అప్పుడు ఉద్యోగ, వ్యాపార పరిచయాల వేదిక లింక్డిన్ చూడండి. సీతారాంపురంలో లేసు పార్కు మీకు దగ్గరే కాబట్టి ఎగుమతి సంగతులు అక్కడ తెలిసినవాళ్లను అడగవచ్చు. నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు ఇచ్చే జీఐ) ఉందన్న మాట మీరు చెప్పుకోవచ్చు కానీ, ఆ గుర్తింపు ముద్రను మీ కార్డు మీద వేసుకోవాలంటే చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ పని పూర్తయ్యేదాకా ముద్ర వాడకండి.

పదివేల మంది ఫాలోవర్లను అమ్ముతానన్న మనిషికి ఈ పూటే వద్దని చెప్పండి. మీరు పెట్టిన పోస్టు ముందు మీ ఫాలోవర్లలో కొందరికి కనిపిస్తుంది. వాళ్లు ఆగి చూస్తే ఇంకొందరికి వెళ్తుంది. కొన్న ఖాతాల వెనుక మనుషులు ఉండరు, ఉన్నా లేసు అక్కర్లేనివాళ్లు. ఎవరూ ఆగరు, పోస్టు అక్కడే చచ్చిపోతుంది. ఇప్పుడున్న నాలుగు వందల మంది నిజమైన మనుషులను మీ డబ్బుతోనే మీకు దూరం చేసుకున్నట్టవుతుంది.

2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. అప్పటిదాకా దాని మీదే చీరలు అమ్మిన ఒక అమ్మాయి నాకు ఫోను చేసి ఏడ్చింది. లక్షకు పైగా ఉన్న అభిమానుల్లో ఒక్కరి నంబరూ తన దగ్గర లేదు. అందుకే ఏ ఖాతా ఎంత బాగా నడిచినా, కొన్న ప్రతి మనిషి పేరు, ఊరు, నంబరు, ఏం కొన్నారో ఒక గట్టి అట్ట పుస్తకంలో రాయండి. అది మాత్రం ఏ సంస్థా మూసేయలేదు.

ఏజెంటు ఇచ్చిన నమూనాల గురించి మీరు రాయలేదు, కానీ మీ పేజీలోని ఫొటోల్లో రెండు అలాంటివని నా అనుమానం. మీ వీధివాళ్లు ఇంకా ఆయన పని కూడా చేస్తున్నారు కదా. ఏజెంటు ద్వారా ఎగుమతిదారు పంపిన నమూనా ఎగుమతిదారుదే. దాన్ని మీ పేజీలో పెడితే మీకే కాదు, కూలికి అల్లే తొమ్మిది మందికీ పని పోతుంది. మీ అమ్మగారికి, అత్తగారికి పాత నమూనాలు ఎన్నో వచ్చి ఉంటాయి. వాటితోనే మొదలుపెట్టండి.

ముఖాల సంగతి. చేతులు చూపించడానికి కూడా ముందు అడగండి, ముఖానికైతే విడివిడిగా, ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు అడగండి. అందరి ముందు అడిగితే కాదనలేక ఊ అంటారు. ఒప్పుకున్నవాళ్లకు వీడియో పెట్టే ముందు చూపించండి. తర్వాత తీసేయమంటే కారణం అడగకుండా తీసేయండి. ఒకామె వద్దంటే ఆమె అల్లిక చూపండి, చాలు. ఇంటిపేర్లు, వీధి పేరు ఎక్కడా రాయవద్దు.

చివరగా, ఖాతాలన్నీ మీ మరిది ఫోను నంబరుతో, ఆయన ఈమెయిలుతో తెరిచారని రాశారు. ఆయన మంచివారే కావచ్చు, కానీ రేపు ఆయన ఉద్యోగానికి ఊరు మారితే, ఫోను పోతే, మీ దుకాణం తాళం మీ దగ్గర ఉండదు. ఉంచుకునే నాలుగు ఖాతాలనూ మీ నంబరుకు, మీ ఈమెయిలుకు మార్చండి, పాస్‌వర్డుతోపాటు మరో కోడు అడిగే రెండంచెల భద్రత పెట్టండి. ఖాతా అసలైనదని చూపే నీలి గుర్తు ఇస్తాం, ఈ లింకు నొక్కండి అంటూ వచ్చే సందేశాలు తెరవకండి. కొనేవాళ్లమంటూ క్యూఆర్ పంపి, డబ్బు రావాలంటే యూపీఐ పిన్ కొట్టమని ఎవరైనా అడిగితే అది మోసం. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి. ఆ నంబరు మీ అమ్మగారి ఫోనులో కూడా దాచి పెట్టండి.